డొమినికాకు కొన్ని సవరణలు

కరీబియన్ సముద్రంలో డొమినికా అని ఒక దేశం ఉంది. డొమినికన్ రిపబ్లిక్ కాదు. ఆ రిపబ్లిక్‌లో అయితే తెల్లటి ఇసుక ఉంటుంది, ఆ ఇసుకలో మనల్ని పడుకోబెట్టి నోటికి కొబ్బరిబొండాం అందించే హోటళ్లుంటాయి. డొమినికాలో ఉన్నది 750 చదరపు కిలోమీటర్ల నేల, సుమారు 70 వేల జనం. మిగిలినదంతా కొండ, అడవి, వాన. 365 నదులున్నాయని, రోజుకొకటి చొప్పున చూడొచ్చని వాళ్లే చెప్పుకుంటారు. ఏడాది పొడుగునా సెలవు ఎవరిస్తారో మాత్రం చెప్పరు.

యాత్రికుల క్షేమం కోరి ఆ దేశ పెద్దలకు కొన్ని సవరణలు సూచించడం నా విధి.

మొదట ఇసుక. అగ్నిపర్వతాల పుణ్యమా అని అక్కడి తీరాల్లో చాలావాటికి నల్ల ఇసుకే. ఫొటోలో వెనకాల తెల్లగా మెరవకపోతే మనం కరీబియన్ వెళ్లొచ్చామని చుట్టాలు నమ్మేదెలా? పోనీ షాంపేన్ రీఫ్ అని పేరు విని ఆశగా దిగితే, సముద్రం అడుగున భూమి పగుళ్లలోంచి బుడగలు లేస్తుంటాయి. చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. నోట్లోకి పోయేది మాత్రం ఉప్పునీరు.

అసలు ఫిర్యాదు మరిగే సరస్సు మీద. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కిన మోర్న్ త్వా పితోం జాతీయ వనంలో, కొండల నడుమ దాచిపెట్టారు దాన్ని. అరవై మీటర్ల వెడల్పున బూడిదరంగు నీళ్లు కుతకుతా ఉడుకుతుంటాయి. కింద శిలాద్రవం వేడికి పుట్టిన ఆవిరి, వాయువులు పగుళ్లలోంచి తన్నుకొస్తాయట. 1875లో కొలిస్తే ఒడ్డు దగ్గరే 82 నుంచి 91 డిగ్రీల దాకా తేలింది. నడిమధ్య కొలవడం వాళ్ల వల్ల కాలేదు, అక్కడ నీళ్లు తెర్లుతున్నాయి. ఇంత వేడినీళ్లు పెట్టుకొని ఒడ్డున ఒక్క టీకొట్టు లేదు!

దాన్ని చూడాలంటే లోదా అనే ఊరి దగ్గర్నుంచి రానూపోనూ పదమూడు కిలోమీటర్లు, ఆరేడు గంటలు, బురదలో, గైడు వెంట నడవాలి. దారిలో గంధకం కంపుకొట్టే లోయ ఒకటి. పచ్చని అడవి హఠాత్తుగా ఆగిపోయి, నేల పసుపుగా, తెల్లగా మారి, కాళ్ల పక్కనే బుసలు కొడుతుంటుంది. ఇంతా చేసి పైకి చేరాక ఆవిరి కమ్మి సరస్సే కనపడకపోవచ్చు. 2004 చివర్లో అయితే నీరు ఇంకిపోయి, మరగడమే మానేసి, కొన్నాళ్లకు తీరిగ్గా మళ్లీ నిండింది. ముందుగా నోటీసు ఇవ్వలేదు. ప్రకృతిలో ఇంత క్రమశిక్షణా రాహిత్యం నేనెక్కడా చూడలేదు.

సంతోషించదగ్గ విషయం, ప్రభుత్వం కళ్లు తెరిచింది. రాజధాని రోజో వైపున్న లోయ నుంచి సరస్సు దాకా ఆరున్నర కిలోమీటర్ల రోప్‌వే కట్టడం మొదలుపెట్టింది. 2017లో మరియా తుపాను ఊళ్లకు ఊళ్ల పైకప్పులు లేపేసిన దేశంలో తీగ మీద పెట్టెలు వేలాడదీయడమేమిటని గిట్టనివాళ్లు గొణుగుతారు. గైడు బతుకేంకావాలంటారు. టికెట్టు కౌంటరు దగ్గర యూనిఫాం తొడిగి నిలబెడితే సరి. బురద అంటని బూట్లతో దిగి, ఆవిరిలో సెల్ఫీ తీసుకుని, మళ్లీ పెట్టెలో కూర్చోవడం నాగరికత.

అయినా నడక మీద వీళ్లకింత మోజెందుకో. 1993 నుంచి ఆ దేశం పౌరసత్వమే అమ్ముతోంది, ఇప్పుడు కనీస ధర రెండు లక్షల డాలర్లు. పౌరుడవడానికి ఆ గడ్డ మీద కాపురం పెట్టనక్కర్లేదు గానీ, సరస్సు చూడ్డానికి మోకాళ్లు అరగాలి.

ట్రఫాల్గర్ జలపాతాలు ఆదర్శప్రాయం. పది పదిహేను నిమిషాల నడక, రెండు జలపాతాలు, మెట్లు. పొద్దున విహార ఓడ దిగి సాయంత్రం ఎక్కేసేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? ఇక తిమింగలాల సంగతి. ఆ తీరాన తిరిగే ఓ రెండొందల స్పెర్మ్ తిమింగలాల కోసం దాదాపు 800 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని కేటాయిస్తామని 2023లో ప్రకటించారు. దేశం నేలకన్నా ఎక్కువ! ఓటు లేని జీవాలకు.

పండుగల్లో ఇంకా అన్యాయం. మాస్ దొమ్నిక్ అని వాళ్ల కార్నివాల్. సోమవారం తెల్లారకముందే వీధుల్లో డప్పులు మొదలవుతాయి. గోనెపీచు, తాళ్లు, గుడ్డపేలికలు ఒళ్లంతా వేలాడేసుకుని, కొమ్ముల ముసుగు తగిలించుకుని సెన్సే వేషగాళ్లు వస్తారు. అది భరించొచ్చు. భరించలేనిది కలిప్సో పోటీ. పాటగాడు వేదికెక్కి మంత్రుల్నీ, ధరల్నీ, అవినీతినీ ఏకిపారేస్తాడు. జనం ఈలలు వేస్తారు. బాగా తిట్టినవాడికి కిరీటం కూడా దక్కుతుంది. మన ఉత్సవాల్లో మంత్రిగారు వేదిక మీద శాలువా కప్పించుకుంటారు, కళాకారుడు కింద తన వంతు కోసం చూస్తుంటాడు. ఈ అమరికను డొమినికావారు తక్షణం అధ్యయనం చేయాలి.

అక్టోబరు చివర్లో రోజో నగరంలో జరిగే ప్రపంచ క్రియోల్ సంగీతోత్సవానికి నాకు అభ్యంతరం లేదు. 1997లో మొదలైంది, మూడు రాత్రుళ్లు బూయాన్, జూక్ అనే కరీబియన్ బాణీలు వాయించి చెవులు గింగురుమనిపిస్తారు. ఆ రోజుల్లోనే ఆడవాళ్లు క్రియోల్ దుస్తులు కట్టి, తలకు మద్రాసు గళ్ల గుడ్డ చుట్టుకుంటారు. గళ్ల రుమాళ్లు నేసి ఓడలకెక్కించిన మగ్గాలు మన చీరాల వైపూ ఉండేవి. తరాలుగా ఆ గళ్లు తలకు చుట్టుకుంటూ, మనకు ఒక్క సన్మానపత్రమైనా పంపకపోవడం మర్యాద కాదు.

చివరి సవరణ అత్యవసరం. కార్నివాల్ ముగిశాక, బూడిద బుధవారం నాడు, కాలినాగో ఆదివాసుల ప్రాంతంలోనూ, దబ్లాన్ ఊళ్లోనూ వవాల్ అనే బొమ్మకు అంత్యక్రియలు చేస్తారు. పండుగే చచ్చిపోయిందని వెంట నడిచి భోరుమంటారు. ఇంత మంచి కార్యక్రమం ఏడాదికొక్కసారేనా? ఓడ రేవుకొచ్చిన ప్రతిరోజూ వవాల్ చచ్చిపోయేట్టు ఏర్పాటు చేయాలి. ఏడ్చేవాళ్లకు కూలి ఖరారు చేసి, మైకులివ్వాలి. నాలుగింటికల్లా ఏడుపు ముగించాలి. అయిదింటికి ఓడ బయల్దేరుతుంది.