శిక్షణ విజయవంతం, భోజనాలు బ్రహ్మాండం

మండలానికో మీటింగ్ హాలు, హాలుకో ఫ్లెక్సీ, ఫ్లెక్సీ ముందు ముప్పై మంది ఆశా కార్యకర్తలు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో జ్వరాలు ఎందుకు తగ్గడం లేదని అడిగేవాళ్లు ఒక్కసారి ఆ ఫ్లెక్సీ చూసి మాట్లాడాలి. ‘సీజనల్ వ్యాధుల నివారణపై ఒకరోజు శిక్షణ’ అని అంతంత అక్షరాలతో రాయించాక దోమకైనా కాస్త భయముండొద్దా?

ఆశా వ్యవస్థ 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పుట్టింది. సుమారు వెయ్యి జనాభాకు ఒకరు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశాలందరినీ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డుతో సత్కరించింది. ప్రపంచమే మెచ్చినవాళ్లకు నెలజీతమిచ్చి చిన్నబుచ్చడం మర్యాద కాదు కాబట్టి పారితోషికంతోనే గౌరవిస్తున్నాం. అది వేరే సంగతి. ఇక్కడ చెప్పుకోవాల్సింది శిక్షణ గురించి. దాన్ని గిట్టనివాళ్లు అనవసరంగా ఆడిపోసుకుంటున్నారు.

మన పద్ధతి అంచెలంచెలుగా సాగుతుంది. పైన మూడు రోజులు చెప్పింది జిల్లాలో ఒకరోజవుతుంది, మండలంలో ఒకపూటవుతుంది, ఊరికి చేరేసరికి వాట్సాప్‌లో పీడీఎఫ్ అవుతుంది. చివరికి మిగిలేది సారమే కదా అని సార్ల ధీమా.

ఓఆర్ఎస్ పాఠమే తీసుకోండి. ప్యాకెట్ 20.5 గ్రాములు. అందులో గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు. స్లైడు మీద రంగురంగుల్లో వస్తుంది, అక్కలు నోట్సులో దించుకుంటారు. ఇంత రసాయన శాస్త్రం వచ్చాక ఏ ఇంట్లో ఏ చెంబు లీటరు పడుతుందో తెలుసుకునే పని ఇంకెందుకు?

ఎందుకో చెప్పే చాదస్తులు కొందరున్నారు. ఇంట్లో గ్లాసు పట్టేది 200 మిల్లీలీటర్లు. లీటరుకు కలపాల్సిన ప్యాకెట్‌ను తల్లి ఆ గ్లాసులోనే కలిపేస్తే ఉప్పు ఐదింతలు చిక్కనవుతుంది. రక్తంలో సోడియం పెరిగి పిల్లాడికి ఫిట్స్ కూడా రావచ్చు. అదే బిందెలో కలిపితే పలచబడి, ఒంట్లోంచి పోయిన లవణాలు తిరిగి రావు. అందుకని ఖాళీ లీటరు వాటర్ బాటిల్ ఒకటి సంచీలో వేసుకుపోవాలట. దాంతో ఆ ఇంటి చెంబులోనే నీళ్లు పోసి, ఎక్కడిదాకా వచ్చాయో చూపించి, తల్లి చేతనే కలిపించాలట. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు పిల్లలకైతే విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచా చెంచాగా. వాంతి చేసుకుంటే మానేయకుండా, పది నిమిషాలు ఆగి ఇంకా మెల్లగా పట్టాలి. పిల్లాడు మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు లోతుకు పోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, పొట్ట మీది చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలితే తాపీగా వెనక్కి పోతున్నా చెంచాతో పట్టిస్తూనే దవాఖాన దారి పట్టాలి.

ఇదంతా చేతులతో చేయించి నేర్పాలంటే ముప్పై చెంబులు, ముప్పై ప్యాకెట్లు, గంటన్నర సమయం కావాలి. స్లైడుకు రెండు నిమిషాలు చాలు. ఏది పొదుపో మీరే చెప్పండి.

జింకు గోళీదీ ఇదే కథ. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు సగం గోళీ, మొత్తం 14 రోజులు. మూడో రోజుకు విరేచనాలు ఆగుతాయి, తల్లి గోళీలు ఆపేస్తుంది. మిగతా రోజులు ఎందుకు వేయాలో, వేస్తే వచ్చే రెండుమూడు నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టుకునే అవకాశం ఎందుకు తగ్గుతుందో చెప్పడం ఆశా పని. ఆశాకు చెప్పడం సార్ల పని. ఆ సమయానికి సార్లు జూమ్ మీటింగులో ఉంటారు. ఈలోగా ఊరి ఆర్ఎంపీ సెలైన్ సీసా వేలాడదీసేస్తాడు. చెంచాకు సీసా అంత దర్జా ఎక్కడిది?

న్యుమోనియా పాఠం మరీ శాస్త్రీయం. రెండు నెలలలోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40, లేదా అంతకుమించి ఊపిరి తీస్తుంటే ప్రమాదం. అందరూ గట్టిగా చదువుతారు, ఫొటో తీస్తారు, పాఠం ముగుస్తుంది. లెక్కపెట్టడం ఎలాగో మాత్రం ఎవరూ అడగరు. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెడితే ఏ బిడ్డయినా న్యుమోనియా బిడ్డే. అంగీ పైకి లేపి, పొట్ట కదలిక చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం మనకు ఇష్టమైన దగ్గరదారి. కానీ పసిబిడ్డల ఊపిరికి గుణకారం తెలియదు, కాసేపు ఆగుతుంది, కాసేపు పరుగెడుతుంది. అందుకే రెండు నెలలలోపు బిడ్డకు 60 వస్తే మరోసారి లెక్కపెట్టాలి. ఇక డొక్కలు ఎగరేస్తుంటే లెక్క ఎంతొచ్చినా సరే, బండెక్కించాల్సిందే.

కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే గడ్చిరోలి జిల్లా. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు అక్కడ ఊరి ఆడవాళ్లకే నవజాత శిశువుల సంరక్షణ నేర్పించారు. ఊపిరి లెక్కకు పూసల పరికరం చేతికిచ్చారు. ఆ పల్లెల్లో మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 60 శాతానికి పైగా తగ్గినట్టు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆశాలు బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లే కార్యక్రమానికి మూలం కూడా అక్కడి అనుభవమే. ఆ ఆరు తేదీలను మనం జాగ్రత్తగా దిగుమతి చేసుకున్నాం. పక్కన కూర్చుని చేయి పట్టి నేర్పే సూపర్‌వైజర్‌ను మాత్రం గోదావరి అవతలే వదిలేసినట్టున్నాం. వరద ఎక్కువగా ఉందేమో.

మలేరియా పరీక్ష కిట్ల దగ్గర మన క్రమశిక్షణ ఇంకా మెచ్చుకోదగ్గది. కిట్‌ను 30 డిగ్రీలు, కొన్ని రకాలనైతే 40 డిగ్రీలు దాటని చోట పెట్టాలని డబ్బా మీదే ఉంటుంది. మన వైపు మే నెల ఎండ 44 దాకా పోతుంది. ఏటూరునాగారం అడవి పల్లెల్లో ఆశా ఇల్లు రేకులది, కిట్ ఉండేది బీరువా మీద. ఎండకు పాడైన కిట్ మలేరియా ఉన్నవాళ్లకూ లేదనే చెబుతుంది. కేసులు తగ్గుతాయి, రిపోర్టు బాగుంటుంది! కిట్‌ను ఇంట్లో చల్లటి మూల, నేలకు దగ్గరగా, కిటికీకి దూరంగా పెట్టాలని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ అది స్లైడులో లేదు. స్పిరిట్ పూర్తిగా ఆరాకే వేలిని గుచ్చాలని, పరీక్ష చేసే నిమిషం దాకా పౌచ్ చించకూడదని, కిట్ మీది ‘సి’ అక్షరం దగ్గర గీత రాకపోతే పరీక్ష చెల్లదని, కవర్ మీద రాసిన సమయం దాటాక కనిపించే గీతను నమ్మకూడదని కూడా లేదు. స్లైడులో ఉన్నది ఆడ అనాఫిలిస్ దోమ బొమ్మ, చక్కగా, రెక్కలతో సహా.

డెంగీ గురించి క్లుప్తంగానే చెప్పాలి, ఎందుకంటే పాఠం జరుగుతున్న హాల్లోనే కూలర్ అడుగున లార్వాలు ఈదుతుంటాయి. ప్రదర్శనకు ఇంతకంటే మంచి సామగ్రి దొరకదు. కానీ అందరం బయటికెళ్లి నిల్వ నీళ్లు పారబోసే శుక్రవారం డ్రై డే ర్యాలీ తీస్తాం. గోలెంలో నీళ్లు ఒలకబోస్తే సరిపోదు, డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లు గోలెం గోడకు అంటుకుని తడి లేకున్నా నెలల తరబడి బతుకుతాయి, కాబట్టి పీచుతో తోమాలి అని నినాదం రాస్తే ప్రాస కుదరదు.

బీపీ మెషీన్ ముప్పై మందికి ఒకటి, బ్యాటరీలు లేకుండా. అంతకుమించి చెప్పడానికేం లేదు.

శిక్షణ మార్చిలోనే ఎందుకు పెడతారని కూడా అడుగుతున్నారు. మార్చి 31 దాటితే నిధులు మురిగిపోతాయి. జ్వరాలు జులై నుంచి సెప్టెంబరు దాకా ఉంటాయి, మురిగిపోవు, ఆగగలవు. వానాకాలంలో అక్కలు మరిచిపోతే గుర్తుచేయడానికి రిజిస్టర్‌లో సంతకాలున్నాయి.

శిక్షణకు ముందు, తర్వాత ఒకే ప్రశ్నపత్రం ఇవ్వడం కూడా మన ప్రత్యేకతే. రెండోసారి జవాబులు మైకులో చదువుతారు కాబట్టి మార్కులు తప్పకుండా పెరుగుతాయి. ఆ గ్రాఫు పైకి వెళుతుంది, బగారన్నం, కోడికూర ఇటు వస్తాయి.

అయినా విమర్శకుల నోరు మూయించడానికి చిన్న సవరణ ఒకటి ప్రతిపాదించవచ్చు. ప్రశ్నపత్రం మానేసి బల్ల మీద ఒక ప్యాకెట్, కొలత తెలియని ఒక చెంబు, గడియారం, ఏడుపు మాని ఇప్పుడిప్పుడే నిద్రలోకి జారుతున్న ఆర్నెల్ల బిడ్డను ఉంచుదాం. కలపమందాం, లెక్కపెట్టమందాం. సీనియారిటీ ప్రకారం మొదట సార్లు, తర్వాత అక్కలు. సార్లకు అభ్యంతరముంటే భోజనాల తర్వాతే పెట్టుకుందాం, బిడ్డ తల్లికి కూడా ఒక ప్లేటు ఎక్కువ చెప్పాలి మరి.