ఇటు చూడమనకండి

పోయిన నెల పిల్లల్ని తీసుకుని ఒక డెయిరీ ఫారానికి వెళ్ళొచ్చాం. ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే 340 ఫొటోలు. దాదాపు అన్నిట్లోనూ మా పాప నావైపే చూస్తూ, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. వెనకాల ఎక్కడో ఒక దూడ తోక, సగం కంచె. నిజానికి అప్పుడు జరిగింది వేరు. దూడ గరుకు నాలుక చాపి పాప మోచెయ్యి నాకుతోంది, పాప ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడింది, నేనేమో వెనక నుంచి "ఇటు చూడు, ఇటు చూడమ్మా, నవ్వు" అని ఒకటే అరుపులు. పాప ఇటు తిరిగింది. దూడ బెదిరి అటు పోయింది.

నా గొడవంతా ఆ "ఇటు చూడు" మీదే. సరదాగా బయటికెళ్ళిన రోజున ఆ మాట ఎన్నిసార్లు అంటామో ఒకసారి లెక్కపెట్టుకోండి. సముద్రం చూపిస్తామని తీసుకెళ్ళి సముద్రానికి వీపు పెట్టి నిలబడమంటాం. ట్రాక్టర్ ఎక్కించి, అది తోలే మనిషిని కాస్త పక్కకి జరగమంటాం (ఈ ఘనకార్యం నేనే చేశాను, ఆయన మర్యాదస్తుడు కాబట్టి జరిగాడు). ఇంతా చేస్తే మిగిలేది వరసగా నిలబడ్డ ఆరుగురు మనుషులు, వాళ్ళ వెనక పొలం ఉన్నా పార్కింగ్ ఉన్నా పెద్ద తేడా తెలీదు.

గ్రూప్ ఫొటో వద్దనట్లేదు. ఒకటి తీసుకోండి, వెళ్ళగానే, బట్టలు మాయకముందే. తీసేవాళ్ళు కూడా అందులో ఉండేలా ఫోన్ ఎక్కడైనా ఆనించి టైమర్ పెట్టండి, లేకపోతే మా ఆల్బమ్ చూసినవాళ్ళకిలా ఈ ఇంట్లో నాన్న లేడేమో అని అనుమానం వస్తుంది. చివర్లో నిలబడ్డవాళ్ళు సాగినట్టు పడితే అది వైడ్ లెన్స్ పని, రెండడుగులు వెనక్కెళ్ళి మామూలు లెన్స్‌తో తీస్తే సరిపోతుంది. ఆ తంతు అక్కడితో అయిపోవాలి.

2014లో లిండా హెంకెల్ అనే సైకాలజిస్టు మ్యూజియంలో చేసిన ఒక ప్రయోగం అచ్చయింది. వస్తువుల్ని ఊరికే చూసినవాళ్ళకంటే ఫొటో తీసినవాళ్ళకి మర్నాడు వాటి గురించి తక్కువ గుర్తుంది. కానీ వస్తువులో ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ మతిమరుపు కనబడలేదు. నాకు ఇది చదివినప్పటికంటే, ఆ రోజు మధ్యాహ్నం విసుగొచ్చి ఫోన్ పాప చేతిలో పెట్టేసినప్పుడు బాగా అర్థమైంది. పావుగంట అది ఎవర్నీ పిలవలేదు, నవ్వమనలేదు, ఒక మేక ముందు గొంతుక్కూర్చుని దాని మొహమే తీస్తూ పోయింది. తర్వాత పరిగెత్తుకొచ్చి, "నాన్నా, మేక కంట్లో అడ్డగీత ఉంది!" అంది. నిజమే, మేకకి కంటిపాప మనకిలా గుండ్రంగా ఉండదు, అడ్డంగా పలకలా ఉంటుంది, తల వంచి మేస్తున్నప్పుడు కూడా ఆ గీత నేలకి సమాంతరంగా ఉండేలా గుడ్డు తిరుగుతుంది. చిన్నప్పటి నుంచీ మేకల్ని చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ గమనించలేదు.

అన్నట్టు, పువ్వుల్ని ఇటు చూడమనలేం. పేరే పొద్దుతిరుగుడు కదా, ఎప్పుడెళ్తే ఏంలే అని సాయంత్రం వెళ్ళి మోసపోయాం. లేత మొక్కలుగా ఉన్నప్పుడే అవి పొద్దుతో పాటు తిరుగుతాయి, పూర్తిగా విచ్చుకున్నాక తూర్పు ముఖంగా ఆగిపోతాయి. పొద్దున్నే వెళ్తే మొహాల మీద ఎండ, సాయంత్రం అయితే వీపుల మీద. నా దగ్గర ఇప్పుడు పొద్దుతిరుగుడు వీపులు బోలెడున్నాయి, మాట చెప్పొద్దూ, అవీ బాగానే ఉన్నాయి.

ఆ రాత్రి ఓ ఇరవై ఫొటోలు ఏరి మా అమ్మకి పంపాను. వీడియో కాల్‌లో "బావుంది, బావుంది" అంటూ అన్నీ జరిపేసింది. ఒక్క దాని దగ్గర ఆగింది. నేను అరవడానికి ముందు పొరపాటున నొక్కుకుపోయిన ఫొటో, కాస్త కదిలింది, పాప జడ తప్ప మొహం లేదు, దూడ నాలుక మాత్రం బారెడు.

"ఒరేయ్, దాని ముక్కుకి ఆ ముళ్ళేంట్రా?"

ప్లాస్టిక్‌ది, పాలు మాన్పించడానికి పెడతారు, తల్లి దగ్గరికి వెళ్తే గుచ్చుకుని అదే తన్నేస్తుంది అని చెప్పాను. "మేమైతే మూతికి చిక్కం కట్టేవాళ్ళం" అని ఇంకేదో చెప్పబోయింది, ఈలోపు పాప నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "నానమ్మా, చిక్కం అంటే?" అని మొదలుపెట్టింది. ఫోన్ మళ్ళీ నా చేతికొచ్చేసరికి బ్యాటరీ రెండు శాతం.