కాక్‌పిట్‌లోకి తొంగిచూడని ఆడిట్లు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, బెడ్‌ఫర్డ్ విమానాశ్రయం. 2014 మే 31 రాత్రి గల్ఫ్‌స్ట్రీమ్ జీ-4 జెట్ ఒకటి రన్‌వే చివరిదాకా పరుగెత్తినా గాల్లోకి లేవలేదు. రన్‌వే దాటి లోయలో పడి తగలబడింది. ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక సహ యజమాని లూయిస్ కాట్జ్‌తో పాటు విమానంలో ఉన్న ఏడుగురూ ప్రాణాలు కోల్పోయారు. అందులో ఇంజిన్ లోపం లేదు, వాతావరణం తప్పు లేదు. విమానం నిలిపి ఉన్నప్పుడు ఈదురుగాలికి రెక్కల మీది పలకలు, తోక పలకలు కొట్టుకోకుండా బిగించే గస్ట్ లాక్‌ను తీయడం మరిచారు.

ఇంజిన్లు స్టార్ట్ చేసే ముందే ఆ లాక్ తీయాలని చెక్‌లిస్టులో ఉంది. ఆ తర్వాత పైలట్ ముందుండే స్టీరింగ్ లాంటి కంట్రోల్ కాలమ్‌ను ముందుకీ వెనక్కీ, ఎడమకీ కుడికీ చివరంటా తిప్పి, పెడళ్లు పూర్తిగా తొక్కి చూడాలి. దీనికి పట్టేది కొద్ది సెకన్లే. లాక్ పడి ఉంటే చేతికి వెంటనే తెలిసిపోతుంది. ఆ రాత్రి కాక్‌పిట్ రికార్డింగులో చెక్‌లిస్టు చదివిన మాటే వినిపించలేదు. విమానం వేగం అందుకున్నాక లాక్ పడి ఉందని పైలట్ పదేపదే అన్నా, టేకాఫ్‌ను వెంటనే ఆపలేదు. బ్రేకులు వేసేసరికి ఆలస్యమైపోయింది.

ఆ రాత్రి మతిమరుపు ఒక్కటే అయితే ఇంత రాయవలసిన పని లేదు. దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ అదే విమానం అంతకు ముందు చేసిన 175 టేకాఫ్‌ల డేటాను రికార్డర్ నుంచి తీసి చూసింది. కంట్రోల్ చెక్ పూర్తిగా చేసినవి 2, అరకొరగా చేసినవి 16. మిగిలిన 157 సార్లు అసలు చేయనే లేదు. అయినా ఆ జెట్‌ను నడిపిన విమాన విభాగానికి ఐఎస్-బీఏఓ అనే స్వచ్ఛంద భద్రతా ప్రమాణం కింద రెండో దశ గుర్తింపు ఉంది.

ఆ ప్రమాణాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. సొంత జెట్లు నడిపే కంపెనీలకు నియమాలు విమానయాన సంస్థలకు ఉన్నంత కఠినంగా ఉండవు. ఆ లోటు పూడ్చడానికే మాంట్రియల్ కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ బిజినెస్ ఏవియేషన్ కౌన్సిల్ 2002లో దీన్ని తెచ్చింది. భద్రతా నిర్వహణ వ్యవస్థ ఏర్పడితే మొదటి దశ, ముప్పులను నిజంగా అదుపులో పెడుతుంటే రెండో దశ, అది సంస్థ అలవాటుగా స్థిరపడితే మూడో దశ. అమెరికా 2024లో విమానాలు అద్దెకు నడిపే చార్టర్ సంస్థలకు భద్రతా నిర్వహణ వ్యవస్థను తప్పనిసరి చేసినా, తమ సొంత విమానాన్ని తామే నడుపుకునే కంపెనీలను ఆ నిబంధన పరిధిలోకి తేలేదు. వాటికి ఈనాటికీ ఇలాంటి స్వచ్ఛంద ప్రమాణాలే దిక్కు. అందుకే అవి గట్టిగా ఉండాలని కోరుతున్నాం.

ఈ గుర్తింపు కోసం తనిఖీ చేసే ఆడిటర్ ముందే తేదీ చెప్పి వస్తాడు. మాన్యువల్, శిక్షణ రికార్డులు, ముప్పుల రిజిస్టరు, అత్యవసర ప్రణాళిక చూస్తాడు. ఆడిటర్‌ను ఎంచుకునేదీ, ఫీజు ఇచ్చేదీ ఆ కంపెనీయే. పక్కన మూడో మనిషి కూర్చుంటే ఏ పైలటైనా చెక్‌లిస్టు బిగ్గరగానే చదువుతాడు. ఏళ్ల తరబడి అదే ఇద్దరు పైలట్లు కలిసి ఎగిరే చోట, ఒకరు వదిలేసిన మెట్టును రెండోవారూ వదిలేస్తారు, అడిగేవారుండరు. ఆ జెట్ తయారీలోనూ ఇలా కాగితాన్ని నమ్మిన లోపమే దొరికింది: గస్ట్ లాక్ పడి ఉంటే ఇంజిన్ శక్తి పెంచే త్రాటిల్ ఒక హద్దు దాటి ముందుకు కదలకుండా ఆపాల్సిన ఏర్పాటు సరిగా పనిచేయలేదు. డ్రాయింగులు చూసి ఆమోదించారే తప్ప విమానం మీద పరీక్షించలేదని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. తయారీలోనూ ఆడిట్‌లోనూ కాగితాన్నే నమ్మారు.

ఇది ఒక్క సంస్థ జబ్బూ కాదు. ఆ ప్రమాదం తర్వాత అమెరికా బిజినెస్ ఏవియేషన్ సంఘం 2013-15 మధ్య జరిగిన 1,43,756 ప్రయాణాల డేటాను జల్లెడ పట్టింది. 15.6 శాతం ప్రయాణాల్లో చెక్ అరకొరగా జరిగింది, 2 శాతంలో అసలే జరగలేదు.

కాబట్టి ఆడిటర్ మొదట అడగాల్సింది రికార్డర్ డేటా. ప్రతి టేకాఫ్‌కు ముందు విమానాన్ని అదుపు చేసే పలకలు ఎలివేటర్, ఐలరాన్, రడ్డర్ మూడూ చివరంటా కదిలాయా? దిగేటప్పుడు మేఘాల్లోనైతే 1,000 అడుగులు, తేటగా ఉంటే 500 అడుగుల ఎత్తుకు చేరేసరికి వేగం, చక్రాలు, ఫ్లాప్‌లు కుదురుకున్నాయా? నిమిషానికి 1,000 అడుగుల కంటే వేగంగా దిగుతున్నారా? కుదరనప్పుడు మళ్లీ పైకి లేచారా, అలాగే దించేశారా? నలుగురు పైలట్లున్న చిన్న విభాగంలో తప్పు ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది, భయపడి డేటానే ఆపేస్తారు. అందుకే విశ్లేషణ బయటి సంస్థకు అప్పగించాలి, డేటా ఆధారంగా శిక్షించబోమని యజమాని రాసివ్వాలి. పైలట్ల జంటలను మార్చాలి. ఆడిటర్ కో-పైలట్‌తో, మెకానిక్‌తో విడిగా మాట్లాడాలి.

ఆ మాటకొస్తే తెలుగువారికి ఇది దూరపు విషయం కాదు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి సహా ఐదుగురిని బలిగొన్న బెల్ 430 హెలికాప్టర్ రాష్ట్ర ప్రభుత్వ విమాన విభాగానిదే. నల్లమల మీద ఉరుముల మేఘాల్లోకి వెళ్తున్న వేళ, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ హెచ్చరిక గురించి మాన్యువల్ వెతుకుతూ సిబ్బంది విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారని విచారణ చెప్పింది. వాతావరణం ఎంత చెడితే వెనక్కి తిరగాలో ముందే రాసి ఉండాలి. వెళ్దామా అని పైలట్‌ను అడిగే హక్కు ప్రయాణికుడికి, అతడు ముఖ్యమంత్రి అయినా కంపెనీ చైర్మన్ అయినా, ఉండకూడదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఇకపై విమానం, హెలికాప్టర్ అద్దెకు తీసుకునే ప్రతి ఒప్పందంలో సర్టిఫికెట్ నకలుతో సరిపెట్టుకోకుండా మూడు పత్రాలు అడగాలి: చివరి ఆడిట్ పూర్తి నివేదిక, అందులోని లోపాలను ఏ తేదీన సరిదిద్దారో చూపే పట్టిక, గడచిన 12 నెలల ఫ్లైట్ డేటా సారాంశం. ఇవ్వలేనివారికి పని ఇవ్వొద్దు.