సవరణ: సదర్మాట్‌కు వచ్చింది యునెస్కో గుర్తింపు కాదు

ఇంజనీర్స్ డే సందర్భంగా పెట్టిన పోస్టులో, మన రామప్పలాగే నిర్మల్ జిల్లా సదర్మాట్ ఆనకట్టకు కూడా యునెస్కో అవార్డు వచ్చిందని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. 2021లో యునెస్కో జాబితాలో చేరింది రామప్ప గుడి. సదర్మాట్‌ను గుర్తించింది అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ (ఐసీఐడీ). 2018లో వారసత్వ సాగునీటి కట్టడంగా ప్రకటించారు. కామారెడ్డి పెద్ద చెరువుకూ అదే ఏడాది ఆ గౌరవం దక్కింది, దాని ఊసే నేను ఎత్తలేదు! ఈ వివరాలు ఐసీఐడీ జాబితాలోనే ఉన్నాయి.

ఇంకో మాట. "ఏ కంపెనీకి ఇచ్చారన్నా?" అని కొందరు అడిగారు. ఏటా నిర్మాణ సంస్థలకు, కొత్త ప్రాజెక్టులకు ఇచ్చే అవార్డుల్లాంటిది కాదిది. ఈ గుర్తింపు రావాలంటే ఆ కట్టడం వయసు కనీసం వందేళ్లు ఉండాలి. సదర్మాట్, పెద్ద చెరువు రెండూ నిజాం కాలంలో, 1890లలో కట్టినవి. కాంట్రాక్టర్ పేరుతో పనే లేదు.

పోస్టుకు పెట్టిన ఫొటో కూడా మార్చాను. ముందు పెట్టిన ఫొటోలో ఉన్నది పొన్కల్ దగ్గర గోదావరిపై కట్టిన కొత్త సదర్మాట్ బ్యారేజీ. గుర్తింపు ఖానాపూర్ వైపున్న పాత ఆనకట్టది.