మనది కాని యుద్ధంలో మనవాడు

1961 డిసెంబరు 5, మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కాంగోలోని ఎలిజబెత్‌విల్ విమానాశ్రయం దగ్గర ఒక యువ కెప్టెన్ 16 మంది గూర్ఖాలను వెంటబెట్టుకుని వస్తున్నారు. అప్పగించిన పని పెద్దదేమీ కాదు. రోడ్డును దిగ్బంధించిన కటాంగా (కాంగో నుంచి విడిపోతానన్న ప్రాంతం) సాయుధులను ఐక్యరాజ్యసమితి శాంతిదళంలోని మన ప్రధాన దళం తరిమితే, వాళ్లు పారిపోయే దారిలో కాపు కాయాలి, అంతే. తీరా వచ్చాక ఎదురుపడినవాళ్లు పారిపోయే రకం కాదు. సుమారు 90 మంది, రెండు సాయుధ శకటాలు.

ఆగి, అదనపు బలగం కోసం కబురు పంపినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆ 90 మందీ అసలు అడ్డంకి దగ్గరున్న తమవాళ్లతో కలిస్తే మొత్తం వ్యూహమే తలకిందులవుతుంది. కెప్టెన్ దళం రాకెట్ లాంచర్‌తో శకటాలు రెండింటినీ పేల్చేసింది. ఆపై ఖుక్రీలు, బాయ్‌నెట్లు, గ్రెనేడ్లతో మీద పడింది. 40 మంది దాకా నేలకూలారు, మిగిలినవాళ్లు పరుగు లంకించుకున్నారు. మెడలో తూటా దిగినా కెప్టెన్ ఆగలేదు. రక్తం కారిపోయి పడిపోయేదాకా పోరాడారు. ప్రాణం దక్కలేదు.

ఆయన కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా. దేశ విభజనలో ఊరు పాకిస్థాన్‌కు పోతే, గురుదాస్‌పూర్ జిల్లాకు చేరిన కుటుంబం వాళ్లది. 1962 జనవరి 26న పరమవీర చక్ర ప్రకటించారు. ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో పనిచేస్తూ ఆ పతకం పొందినది నేటికీ ఆయన ఒక్కరే.

అసలు ఆయన అక్కడికెందుకు వెళ్లినట్టు? 1960లో బెల్జియం నుంచి కాంగోకు స్వాతంత్ర్యం వచ్చింది. రెండు వారాలు తిరక్కముందే కటాంగా విడిపోతానంది. రాగి గనుల నేల అది. హిరోషిమా బాంబుకు యురేనియం కూడా ఎక్కువగా అక్కడి నుంచే వెళ్లింది. అంత సంపద ఉన్నచోట వేలుపెట్టేవాళ్లకు కొదవేముంది! సమితి ప్రధాన కార్యదర్శి హామర్‌షోల్డ్ కూడా ఆ గొడవ తీర్చడానికి వెళ్తూనే 1961 సెప్టెంబరులో విమానం కూలి మరణించారు. సమితి కోరిక మేరకు మన దేశం దాదాపు 3,000 మందితో ఒక బ్రిగేడ్‌నే పంపింది.

సరిహద్దులో చనిపోయిన జవానును తలుచుకోవడం మనకు తేలిక. శత్రువెవరో తెలుసు, నినాదం నోట్లోనే ఉంటుంది. శాంతిదళంలో పోయినవాడి కథకు ఆ సౌకర్యం లేదు. అవతలివాడు మనకు శత్రువు కాదు, గెలిచినా మనకు అంగుళం నేల రాదు. ఆ మాటకొస్తే ఎలిజబెత్‌విల్ పేరు కూడా ఇప్పుడు మ్యాపులో లేదు, లుబుంబాషి అయింది. టీవీ చర్చకు ఇవేవీ పనికిరావు. అయినా ఆ దారిన మనవాళ్లు వెళ్తూనే ఉన్నారు. సమితి జెండా కింద దాదాపు 180 మంది భారతీయులు ప్రాణాలిచ్చారు. ఏ దేశమూ ఇంతమందిని పోగొట్టుకోలేదు.

సలారియాను పూర్తిగా మరిచామనలేం. ఒకప్పుడు ఓ చమురు ట్యాంకర్‌కు ఆయన పేరు పెట్టారు, పాతబడ్డాక దాన్ని సర్వీసు నుంచి తప్పించారు. 2023 జనవరిలో అండమాన్‌లో ఒక దీవికి పెట్టారు. సంతోషమే. కానీ పతకం దక్కని మిగతావాళ్ల సంగతి? వాళ్ల పేర్లు చివరిసారి పలికింది సొంత ఊళ్లోనే అయ్యుంటుంది.

అమరులైన శాంతి సైనికుల కోసం న్యూయార్క్‌లోని సమితి కార్యాలయంలో స్మారక కుడ్యం కట్టాలని 2023 జూన్‌లో మన దేశమే తీర్మానం పెట్టి నెగ్గించుకుంది. మా సూచన ఒక్కటే. ఆ గోడ మీద ప్రతి పేరు పక్కనా వయసు కూడా చెక్కాలి. సలారియాకైతే 26. అది కూడా ప్రాణం పోవడానికి ఆరు రోజుల ముందే నిండింది.