కారణాలు వెతుకుతున్నారట, సాయం చేద్దాం

ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ నాయకుడు ఎవరు మైకు ముందుకొచ్చినా ఒక మాట తప్పదు. ఓటమికి కారణాలను లోతుగా సమీక్షించుకుంటారట. 2014లో సమీక్షించుకున్నారు, 2019లో సమీక్షించుకున్నారు, 2024లో కూడా కూర్చున్నారు. మూడు ఎన్నికల్లోనూ రాష్ట్రంలో 175 అసెంబ్లీ స్థానాలు, 25 లోక్‌సభ స్థానాలు. వీళ్లు గెలిచినవి సున్నా. సున్నాలో లోతు ఎక్కడుంటుందో నాకు తెలీదు. అన్ని లెక్కలూ తప్పిన కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ లెక్క దగ్గర తడబడ్డావు నాయనా అని ఎవరూ అడగరు కదా.

అయినా 1885లో పుట్టిన పార్టీ. ఇంత వయసులో కారణాలు దొరక్క అవస్థ పడుతుంటే మనం చూస్తూ కూర్చోవడం మర్యాద కాదు.

ముందు నోటా సంగతి చూద్దాం. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 1.17 శాతం ఓట్లొచ్చాయి. నోటాకు 1.28 శాతం వచ్చాయి. నోటాకు పీసీసీ అధ్యక్షుడు లేడు. వర్కింగ్ ప్రెసిడెంట్లు లేరు. రాజకీయ వ్యవహారాల కమిటీ లేదు, సమన్వయ కమిటీ లేదు, ఆ రెండు కమిటీలకూ సర్దిచెప్పడానికి ఢిల్లీ నుంచి దిగిన ఇన్‌ఛార్జీ లేడు. కాంగ్రెస్‌కు ఇవన్నీ ఉన్నాయి. నోటా ఎవరికీ శాలువా కప్పలేదు, ఎవరి పుట్టినరోజుకూ ఫ్లెక్సీ కట్టలేదు, డిపాజిట్ కింద పదివేలు కూడా కట్టలేదు. అందరి పేర్లూ అయిపోయాక ఈవీఎంలో అట్టడుగున పడివుంది. ఓటరే వేలు కిందిదాకా జార్చుకుంటూ వెళ్లి దాన్ని నొక్కొచ్చాడు. 2024లో మాత్రం కాంగ్రెస్ 1.72 శాతం తెచ్చుకుని నోటాను చిత్తుగా ఓడించింది. ఇంత పెద్ద విజయాన్ని పార్టీ సరిగ్గా ప్రచారం చేసుకోలేదు. ఊరేగింపు కూడా తీయలేదు, పాపం.

ఇక సమీక్ష. అది ఎలా జరుగుతుందో తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. జీవితంలో ఒక్క కాంగ్రెస్ సభ చూసినవాళ్లు మిగతాది తేలిగ్గానే ఊహించుకోగలరు.

పదకొండింటికని కబురు. ఏఐసీసీ పరిశీలకుడు గన్నవరంలో దిగేసరికే పన్నెండున్నర. ఆయన్ని ఆహ్వానించడానికి రెండు వర్గాలు రెండు గజమాలలతో వెళ్తాయి. ఏ మాల ముందు పడాలన్న విషయం మీద మొదటి సమీక్ష విమానాశ్రయంలోనే అయిపోతుంది. విజయవాడ ఆంధ్రరత్న భవన్‌కి చేరాక చూస్తే వేదిక మీద కుర్చీలు ఇరవై, పిలవాల్సిన పేర్లు నలభై. మైకు పట్టుకున్నాయన ఒక్కొక్కరినీ వేదికను అలంకరించవలసిందిగా కోరుతూ ఉంటాడు. మాజీ మంత్రిగారు అలంకరిస్తారు. మాజీ ఎంపీగారు అలంకరిస్తారు. మాజీ ఎమ్మెల్సీగారు, మాజీ చైర్మన్‌గారు, మాజీ మంత్రిగారి అల్లుడుగారు వరసగా అలంకరిస్తారు. అందరి అలంకారం పూర్తయ్యేసరికి కింద మిగిలేది మైకుసెట్టు కుర్రాడు, ఇద్దరు విలేకర్లు, తన పేరు పిలవలేదని అలిగి చెప్పులేసుకుంటున్న ఒక జిల్లా అధ్యక్షుడు. ఆయన్ని బతిమాలి పైకి లాక్కొస్తారు. ఇప్పుడు సభంతా వేదిక మీదే ఉంది. మాట్లాడేవాళ్లు వెనక్కి తిరిగి మాట్లాడాలా, ముందుకు తిరిగి ఖాళీ కుర్చీలతో మాట్లాడాలా అని కాసేపు తికమక.

పరిశీలకుడు హిందీలో మొదలెడతాడు. తెలుగులో చెప్పే అవకాశం ఏ వర్గానికి ఇవ్వాలన్నది రెండో సమీక్ష. ఆ తర్వాత లేచిన ప్రతి నాయకుడూ సోనియమ్మ త్యాగం గురించి మూడు నిమిషాలు, తాను 1978 నుంచి ఈ జెండానే మోస్తున్న వైనం గురించి ఐదు నిమిషాలు చెప్పి, చివరికి కోవర్టుల దగ్గరికొస్తాడు. పార్టీలో కోవర్టులున్నారు! పేర్లు మాత్రం చెప్పడు, పక్క కుర్చీ వైపు చూస్తాడు. పక్క కుర్చీ ఆయన ఎగిరి లేచి, టికెట్లు అమ్ముకున్నవాళ్లా నాకు చెప్పేది అంటాడు. ఇక్కడ నాదో సందేహం. పోలైన ఓట్లలో ఆరో వంతు రాక డిపాజిట్ కూడా పోతుందని తెలిసిన టికెట్టును డబ్బిచ్చి కొన్న మహానుభావుడెవరు? అమ్మినాయన మీద దయచేసి చర్యలు తీసుకోకండి. ఆ పార్టీలో జనానికి ఏదైనా అమ్మగలిగినవాడు ఆయనొక్కడే.

ఒక కుర్చీ గాల్లోకి లేస్తుంది. రెండు రకాల జై నినాదాలు మార్మోగుతాయి. పరిశీలకుడు వాచీ చూసుకుంటాడు, సాయంత్రం ఫ్లైటు. వెంటనే అందరూ శాంతించి, తదుపరి చర్యలు తీసుకునే సర్వాధికారాలూ అధిష్ఠానానికి కట్టబెడుతూ ఏకవాక్య తీర్మానం ఆమోదిస్తారు. చప్పట్లు. భోజనాలు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఓటరు అనే మనిషి ప్రస్తావన ఒక్కసారి కూడా రాదు.

ఢిల్లీలో ఇదే పని కాస్త నాగరికంగా చేస్తారు. 1999లో ఓడితే ఏకే ఆంటోనీ కమిటీ వేశారు. 2014లో లోక్‌సభలో 44 సీట్లకు పడిపోతే మళ్లీ ఆంటోనీనే పిలిచారు. ఆ నివేదికను జనానికి ఇంతవరకూ చూపించలేదు. అగ్రనాయకత్వం తప్పేమీ లేదని ఆయన తేల్చిన సంగతి మాత్రం బయటికి పొక్కింది. 2021లో కేరళ, అస్సాం, బెంగాల్‌లలో బోల్తా పడితే అశోక్ చవాన్ కమిటీ వచ్చింది. కారణాలను దగ్గర్నుంచి అధ్యయనం చేసిన ఆ చవాన్ 2024 ఫిబ్రవరిలో బీజేపీలో చేరిపోయారు. సొంత నివేదికను అమలుచేసిన కమిటీ చైర్మన్ నాకు తెలిసి ఆయనొక్కరే. ఆంటోనీగారి అబ్బాయి 2023 ఏప్రిల్‌లోనే వెళ్లిపోయారు. ఆ మర్నాడే మన కిరణ్‌కుమార్ రెడ్డిగారూ అదే గుమ్మం తొక్కారు. ఉమ్మడి రాష్ట్రానికి చివరి ముఖ్యమంత్రి ఆయన. విభజనకు నిరసనగా రాజీనామా చేసి, చెప్పుల గుర్తుతో పార్టీ పెట్టి, 2018లో మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చి మరీ వెళ్లారు.

ఆ మాటకొస్తే కాంగ్రెస్ ఓడింది గానీ కాంగ్రెస్‌వాళ్లు ఎక్కడ ఓడారు? విభజన నాటికి పీసీసీ అధ్యక్షుడైన బొత్స సత్యనారాయణ 2019కల్లా వైఎస్సార్‌సీపీలో మంత్రి. జేసీ దివాకర్ రెడ్డి తెలుగుదేశం ఎంపీగా ఢిల్లీ వెళ్లారు. ప్రజలు తిరస్కరించిందల్లా ఆ బోర్డును. బోర్డు కింద కూర్చున్నవాళ్లు వేరే బోర్డు కిందికి కుర్చీ జరుపుకున్నారు, అంతే.

ఇంతకీ ఈ జబ్బు కొత్తదా? 1982లో బేగంపేట విమానాశ్రయంలో, ముఖ్యమంత్రి అంజయ్యను అందరి ముందూ రాజీవ్ గాంధీ కసిరారు. మరుసటి నెల ఎన్టీఆర్ పార్టీ పెట్టారు, 1983 జనవరిలో 201 సీట్లు పట్టుకెళ్లారు. అయినా సీల్డ్ కవర్‌లో ముఖ్యమంత్రిని పంపే అలవాటు ఆగిందా? 1989లో గెలిచి ఐదేళ్లలో ముగ్గురిని మార్చారు, 1994లో 26 సీట్లకు దిగారు. తర్వాత వైఎస్ రాజశేఖర రెడ్డి అనే ఒక మనిషి 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా ఎండలో నడిచి పార్టీని బతికించాడు. ఆయన పోయాక కొడుకు జగన్ ఓదార్పు యాత్రకు బయల్దేరితే అధిష్ఠానం వద్దంది. ఆయన బయటికెళ్లి 2011లో కడప లోక్‌సభను 5 లక్షల 45 వేలకు పైగా మెజారిటీతో గెలిచాడు. అదే ఏడాది కాంగ్రెస్ ఏలుబడిలోనే వైఎస్ పేరు సీబీఐ ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కింది. 2012 ఉప ఎన్నికల్లో 18 అసెంబ్లీ స్థానాలకు కాంగ్రెస్‌కు దక్కినవి రెండు. 2024 జనవరిలో వైఎస్ కూతురు షర్మిలను పీసీసీ అధ్యక్షురాల్ని చేశారు. ఎఫ్‌ఐఆర్‌లోంచి వైఎస్ తిరిగి ఫ్లెక్సీ మీదికొచ్చారు. కడపలో షర్మిలగారిది మూడో స్థానం.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. విభజన దగ్గరికొచ్చేసరికి నాకు నవ్వు రాదు.

తెలంగాణ ఇవ్వడం తప్పని నేననను. అది ఎప్పుడో ఇవ్వాల్సింది. ఇచ్చిన తీరు చూడండి. 2009 డిసెంబర్ 9 రాత్రి చిదంబరం ఇస్తున్నామన్నారు, 23న మాట మార్చారు. ఆ తర్వాత శ్రీకృష్ణ కమిటీ వేసి, అది ఆరు దారులు చూపిస్తే ఏ దారీ పట్టకుండా కూర్చున్నారు. ఆ నాలుగేళ్లలో అక్కడి పిల్లలు నిరాశతో ప్రాణాలు తీసుకుంటుంటే మీరు సంప్రదింపులు జరిపారు. ఇటు వైపు జనానికి, ఏమీ జరగదు, మేమున్నాం అని మీ మంత్రులే అబద్ధాలు చెప్పి తిరిగారు. చివరికి 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా బిల్లు పాస్ చేశారు. ఇచ్చిన చోట కూడా ఆ ఏడు 119లో 21 సీట్లే వచ్చాయి. గెలవడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. అదీ తెలుగుదేశం నుంచి వచ్చినవాడికి పగ్గాలేమిటని సీనియర్లు తిరగబడిన రేవంత్ రెడ్డి చేతుల మీదుగా.

ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా అన్నారు. నోటితో అన్నారు. చట్టంలో లేదు. ఎందుకు లేదు? ప్రభుత్వం మీది, బిల్లు మీది, న్యాయశాఖ మీది. చీటికీ మాటికీ ఏకవాక్య తీర్మానం రాసిచ్చే పార్టీకి, ఐదు కోట్ల మంది బతుకుకు సంబంధించిన ఆ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టడానికి తీరిక లేకపోయిందా? సవరణ పెడితే బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి, ఎన్నికలు దగ్గరపడ్డాయి, టైం లేదు. అంటే మీ తొందర కోసం మా నెత్తిన గాలిమాట పెట్టిపోయారు. తర్వాతొచ్చినవాళ్లు చట్టంలో ఎక్కడుందో చూపించమని ఎంచక్కా తప్పుకున్నారు. వాళ్ల మోసం వాళ్లది, దాని లెక్క వేరే. తప్పుకునే సందు తవ్వి ఇచ్చింది మాత్రం మీరు.

2018 సెప్టెంబర్‌లో రాహుల్ గాంధీ కర్నూలు వచ్చి, అధికారంలోకి రాగానే తొలి సంతకం ప్రత్యేక హోదా ఫైలు మీదే అని చెప్పి వెళ్లారు. కలం చేతిలో ఉన్న రోజు పెట్టని సంతకాన్ని, కలం పోయాక నాలుగేళ్లకొచ్చి పెడతానంటే కర్నూలు జనం ఏమనుకోవాలి? మరుసటి ఏడు ఏమనుకున్నారో ఈవీఎంలో అట్టడుగు బటన్‌తో సహా చెప్పారు. దీనికి మళ్లీ సమీక్షా సమావేశం ఎందుకండీ?