పక్కవాడికి నోట్సు ఇస్తే మన మార్కు పోతుందా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్టుమెంటు ఒక్కదానిలోనే నాలుగిళ్ల పిల్లలు సిడ్నీలో స్థిరపడ్డారు. మనవలు ఒకరి తరువాత ఒకరు పన్నెండో తరగతికి వస్తున్నారు. అందుకేనేమో, అక్కడి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పన్నెండో తరగతికి జరిపే హెచ్‌ఎస్‌సీ మీద ఒక వాట్సాప్ సందేశం ఈ మధ్య నాకు మూడుసార్లు చేరింది. మూడోసారి పంపింది మా వియ్యంకుడు గారు. "మాస్టారూ, మీరు లెక్కలు చెప్పినవారు కదా, ఇది నిజమేనా?" అని అడిగారు.

సందేశం సారాంశం ఇది: సగం మార్కులు స్కూలు వేస్తుంది గానీ బోర్డు వాటిని మార్చేస్తుంది. పేరున్న స్కూలైతే పెంచుతుంది, లేకపోతే కోస్తుంది. మీవాడు కష్టపడి తెచ్చుకున్న మార్కు ఇంకొకరికి పోతుంది. కాబట్టి స్కూలు పరీక్షల మీద సమయం పెట్టవద్దు. తోటి పిల్లలకు నోట్సు ఇవ్వనివ్వవద్దు. లెక్కలు, సైన్సు తప్ప మరేమీ తీసుకోనివ్వవద్దు.

మొదటి వాక్యం నిజమే. ఒక్కో సబ్జెక్టులో సగం అక్టోబరు, నవంబరు నెలల్లో జరిగే రాష్ట్ర పరీక్షది, సగం స్కూలు మదింపుది. స్కూలు మార్కులను నెసా అనే ప్రభుత్వ సంస్థ మారుస్తుంది, అదీ దాపరికం లేకుండా. ఎందుకు మార్చాలో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మన పదో తరగతిలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 స్కూలుకు ఉన్న రోజులు గుర్తు చేసుకోండి. ఎవరి స్కూల్లో ఎవరికి 20కి 20 పడలేదు? నేనూ వేశాను. పక్క స్కూలు మాస్టారు వేస్తున్నప్పుడు నా పిల్లలకు నేను 14 వేసి ఊరుకుంటానా? చివరికి 2019లో మన ప్రభుత్వం ఆ 20 మార్కులనే ఎత్తేసింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టినట్టే అని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. సిడ్నీవాళ్లు మాత్రం స్కూలు చేతిలో సగం మార్కులు ఉంచి, దాని పక్కన ఒక కొలబద్ద పెట్టారు.

ఇక "స్కూలు పేరు చూసి" అన్న మాట. ఆ కొలబద్దలో స్కూలు పేరుకు చోటు లేదు, పోయిన ఏడాది ఫలితాలకూ లేదు. ఈ ఏడాది ఆ స్కూల్లో ఆ సబ్జెక్టు చదివిన పిల్లలు రాష్ట్ర పరీక్షలో తెచ్చుకున్న మార్కులే కొలత. షరతులు మూడు. మదింపులో మొదటి స్థానంలో ఉన్నవారికి ఆ జట్టు పరీక్షలో తెచ్చిన అత్యధిక మార్కు వస్తుంది. చివరి స్థానంలో ఉన్నవారికి సాధ్యమైనంతవరకు అత్యల్ప మార్కు వస్తుంది. జట్టు మదింపు మార్కుల సగటు వారి పరీక్ష మార్కుల సగటుతో సమానం కావాలి. మధ్యలో ఉన్నవారి వరుస చెదరదు, వారి మధ్య ఎడం కూడా వీలైనంతవరకు అదే నిష్పత్తిలో ఉండేలా చూస్తారు.

అయిదుగురు పిల్లల తరగతి అనుకుందాం. స్కూలు వేసిన మార్కులు వరుసగా 95, 90, 85, 75, 55. సగటు 80. అదే వరుసలో వాళ్లకు పరీక్షలో వచ్చినవి 82, 84, 72, 70, 52. సగటు 72. స్కూలు చేయి కాస్త ధారాళమన్నమాట. ఇప్పుడు పై షరతులు పెట్టి చూస్తే స్కూలు మార్కులు 84, 80, 76, 68, 52 అవుతాయి. కూడి అయిదుతో భాగించండి, సరిగ్గా 72 వస్తుంది.

ఇప్పుడు అదే తరగతికి పిసినారి మాస్టారు దొరికి, ఒక్కొక్కరికి 25 తగ్గించి 70, 65, 60, 50, 30 వేశారనుకోండి. మోడరేషన్ (అంటే ఈ సర్దుబాటు) తరువాత వచ్చేది మళ్లీ అదే 84, 80, 76, 68, 52. ధారాళమూ పిసినారితనమూ రెండూ ఒకే చోట తేలాయి. "కోస్తుంది" అన్నవారు ఈ రెండో లెక్క వేసి ఉంటే "పెంచుతుంది" అని రాసేవారు.

"మార్కు ఇంకొకరికి పోతుంది." పై లెక్కలోనే చూడండి. పరీక్షలో 84 తెచ్చుకున్నది రెండో స్థానం అమ్మాయి. మదింపులో మొదటి స్థానం అబ్బాయికి కూడా 84 పడింది. ఆ అమ్మాయి పరీక్ష మార్కు 84 ఆమె దగ్గరే ఉంది, ఎవరూ తీసుకోలేదు. అబ్బాయికి చివరగా వచ్చేది 84, 82ల సగటు 83. అమ్మాయికి 80, 84ల సగటు 82. ఏడాదంతా ముందున్నవాడు ఒక్క మార్కు ముందున్నాడు. ఇందులో దొంగతనం ఎక్కడుందో నాకు కనబడలేదు.

దీనికి కవల పిల్లలాంటి అపోహ ఇంకొకటి ఉంది, దాన్ని మా మనవడే నమ్మాడు: మూడో ర్యాంకు వస్తే పరీక్షలోని మూడో మార్కు వస్తుందని. రాదు. పరీక్షలో మూడో మార్కు 72, మూడో స్థానానికి పడింది 76. ర్యాంకుతోపాటు ఎడం కూడా లెక్కలోకి వస్తుంది.

అందుకే స్కూలు పరీక్షలు వృథా అన్నది వట్టి మాట. స్కూలు వేసిన అంకె మారుతుంది గానీ వరుస మారదు. పన్నెండో తరగతిలో ఒక్కో సబ్జెక్టుకు మదింపు పరీక్షలు, ప్రాజెక్టులు అన్నీ కలిపి నాలుగుకు మించకూడదని నియమం. నాలుగింటిలో ఒకటి వదిలేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇక నోట్సు సంగతి. నాకు కోపం తెప్పించింది ఈ సలహాయే. మన కార్పొరేట్ కాలేజీల్లో పక్క బెంచీవాణ్ని పోటీదారుగా చూడటం నేర్చుకున్న మనం ఆ అలవాటును సూట్‌కేసులో పెట్టి సముద్రం దాటించాం. మన ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) పక్కవాడి మార్కు మనకు కలవదు. అక్కడ కలుస్తుంది! పై తరగతిలో మూడో స్థానంవాడికి ఎవరో పాఠం చెప్పారు, పరీక్షలో 72కు బదులు 80 వచ్చింది అనుకుందాం. పై మార్కు, కింది మార్కు కదలవు. పెరిగిన 8 మార్కులు మధ్యలోని ముగ్గురి మదింపు మార్కుల్లో చేరాలి. వర్గ బహుపదితో (రెండో ఘాతం ఉన్న సూత్రంతో) సర్దితే రెండో స్థానానికి 1.6, మూడో స్థానానికి 2.7, నాలుగో స్థానానికి 3.7 చొప్పున పెరుగుతాయి. చివరి మార్కులో ఇందులో సగమే కనబడుతుంది, నిజమే. కానీ పాఠం చెప్పినది రెండో స్థానం అమ్మాయే అయితే, ఆమెకు నష్టం రాకపోగా లాభం వచ్చింది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. మదింపులు జరుగుతున్న నెలల్లో సాయం అందుకున్నవాడు మనల్ని దాటిపోవచ్చు. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఆఖరి మదింపు అయ్యాక వరుస ఖరారైపోతుంది. అక్కడి నుంచి రాష్ట్ర పరీక్ష దాకా తరగతిలో ఎవరికి మార్కు పెరిగినా తరగతి మదింపు మార్కుల సగటు పెరుగుతుందే గానీ తగ్గదు. సందేశం తిరుగుతున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఒకరు పరీక్షలో బొత్తిగా దెబ్బతింటే అందరూ మునుగుతారా అని మా వియ్యంకుడు గారు అడిగారు. మదింపుకు ఏమాత్రం పొంతన లేని అలాంటి మార్కును విడిగా చూస్తారు. తరగతిలో ఒక్కరే ఉంటే మాత్రం స్కూలు మార్కుకు విలువ లేనట్టే: అత్యధికం, అత్యల్పం, సగటు అన్నీ ఆ ఒక్క పరీక్ష మార్కే.

లెక్కలు, సైన్సు గొడవకు మోడరేషన్‌తో సంబంధమే లేదు. అది విశ్వవిద్యాలయ ప్రవేశాల ర్యాంకు, ఏటార్ కోసం యూఏసీ అనే వేరే సంస్థ చేసే స్కేలింగ్. వంకాయ కూర గురించి అడిగితే చేపల పులుసు గురించి చెప్పినట్టుంది.

అయిదు వరుసల పట్టిక కాగితం మీద వేసి, ఫొటో తీసి వియ్యంకుడు గారికి పంపాను. ఆయన దాన్ని మనవడికి పంపారు. వాడికి ఆఖరి మదింపు ఆగస్టులోనే అయిపోయింది. మొన్న ఆదివారం ఫోను చేసి, "తాతయ్యా, ఫిజిక్సు నోట్సు తరగతి అందరికీ పంపేశాను. ముందు నాలుగో ర్యాంకువాడు పంపాడు, వాడి నోట్సే బాగుంది" అన్నాడు.